మీ ప్రశ్న – మా జవాబు: 1962 అక్టోబరులో వెనక్కి తగ్గింది ఎవరు?

ప్రశ్న: మాది చెన్నైలోని పెరంబూరు. క్యూబాలో సోవియట్ యూనియన్ అణు క్షిపణులు మోహరించడంతో తలెత్తిన సంక్షోభంలో అమెరికా అధ్యక్షుడు కెనడీ గట్టిగా నిలబడడంతో సోవియట్ నేత క్రుశ్చేవ్ తోక ముడిచారని మా మావయ్యగారు అంటారు. అది లోపాయికారీ ఒప్పందమని, పన్నెండో తరగతి చదువుతున్న మా అబ్బాయి వాదిస్తున్నాడు. ఎవరి మాట నిజం? ఆ తర్వాత రెండు దేశాల మధ్య నేరుగా సంప్రదించుకోవడానికి పెట్టుకున్న హాట్‌లైన్ ఎర్ర టెలిఫోనేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ తరం వారు పత్రికల్లో చదివింది మీ మావయ్యగారు చెప్పినదే కనుక ఆయనను తప్పుపట్టలేము. పైగా అక్టోబరు 20న చైనా సైన్యం మన సరిహద్దులపై విరుచుకుపడడంతో, ఆ రోజుల్లో మన దృష్టి సహజంగానే హిమాలయాల మీద ఉంది. అయితే దరిమిలా బయటపడిన ఆధారాలు మీ అబ్బాయి పక్షానే ఉన్నాయి.

అక్టోబరు 27 అత్యంత ప్రమాదకరమైన రోజు. క్యూబా గగనతలంలో అమెరికా యు-2 గూఢచారి విమానం కూలిపోయి పైలట్ రుడాల్ఫ్ ఆండర్సన్ మరణించారు. అదే రోజు అణు టార్పెడో ఉన్న సోవియట్ జలాంతర్గామి బి-59ను, అందులో అలాంటి ఆయుధం ఉందని తెలియకుండానే, అమెరికా నౌకలు చిన్న పేలుళ్లతో పైకి రప్పించే ప్రయత్నం చేశాయి. ఆ సాయంత్రం అధ్యక్షుడి సోదరుడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి డోబ్రినిన్‌ను కలిసి, టర్కీలో తాము మోహరించిన జూపిటర్ అణు క్షిపణులను నాలుగైదు నెలల్లో తొలగిస్తామని, అయితే ఈ మాట ఎక్కడా పొక్కకూడదని చెప్పారు. మరునాడు క్రుశ్చేవ్ తమ క్షిపణుల ఉపసంహరణను మాస్కో రేడియోలో ప్రకటింపజేశారు. క్యూబాపై దండెత్తబోమన్న అమెరికా హామీ ఒక్కటే లోకానికి తెలిసింది. 1963 ఏప్రిల్ నాటికి టర్కీ క్షిపణులు చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాయి. క్రుశ్చేవ్ మాట నిలబెట్టుకుని మౌనం వహించారు, ఓడినవాడిగా పేరు మోశారు. ఆ గోప్యత చేసిన హాని చిన్నది కాదని నా అభిప్రాయం: పట్టు సడలించకపోతే చాలు, ప్రత్యర్థి దిగివస్తాడన్న తప్పుడు పాఠాన్ని ఒక తరం నాయకులు, పౌరులు నేర్చుకున్నారు. 1989లో మాస్కోలో జరిగిన సదస్సులో, రాబర్ట్ కెనడీ మరణానంతరం వెలువడిన ఆయన పుస్తకంలో ఈ ఒప్పందాన్ని మరుగుపరిచింది తానేనని అధ్యక్షుడు కెనడీ సలహాదారు సోరెన్సెన్ అంగీకరించారు.

ఇక హాట్‌లైన్ సంగతి. సంక్షోభ సమయంలో ఒక దేశాధినేత లేఖ రెండో వారికి చేరి, అనువాదమై, చేతికి అందడానికి గంటల కొద్దీ సమయం పట్టేది. వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయం తన సంకేత సందేశాలను మాస్కోకు మామూలు తంతి సంస్థ ద్వారానే పంపేదనీ, వాటిని తీసుకువెళ్లడానికి ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చేవాడనీ డోబ్రినిన్ స్వయంగా రాశారు. అందుకే 1963 జూన్ 20న ఒప్పందం కుదిరింది. అది టెలిఫోను కాదు, రాత సందేశాలు పంపే టెలిప్రింటర్. తీగ లండన్, కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్, హెల్సింకీల మీదుగా మాస్కో చేరేది. ఎవరి భాషలో వారు రాసి పంపేవారు. ఉద్రిక్త వేళల్లో నోటిమాట జారే ప్రమాదం ఎక్కువ. రాసిన మాటనైతే అనువదించుకుని, ఆలోచించుకుని బదులివ్వవచ్చు. 1967 జూన్ 5న అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధం మొదలైనప్పుడు సోవియట్ ప్రధాని కొసిగిన్ అధ్యక్షుడు జాన్సన్‌కు ఆ తీగ మీదే సందేశం పంపారు, జాన్సన్ దాని మీదే బదులిచ్చారు.