ఇంగ్లీషు పదాల వాడుక లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

ఏ ఇంగ్లీషు పదం ఎంత తరచుగా వాడుకలో ఉందో చెప్పే నమ్మకమైన లెక్కలు ఎక్కడున్నాయని అడిగారు. ముందు మీకు ఏ ఇంగ్లీషు కావాలో తేల్చుకోండి. పుస్తకాల భాష వేరు, మాటల భాష వేరు.

ఇప్పటి అమెరికన్ వాడుకకైతే నేను మొదట చూసేది కోకా (COCA) అనే ఇంగ్లీషు రాతలు, మాటల భారీ సేకరణ. 1990 నుంచి 2019 వరకు సేకరించిన వంద కోట్లకు పైగా పదాలు అందులో ఉన్నాయి. కథలు, పత్రికలు, పరిశోధన వ్యాసాలు, టీవీ సంభాషణలు విడివిడిగా ఉండటం వల్ల ఒక పదాన్ని ఎక్కడ ఎక్కువగా వాడతారో కూడా తెలుస్తుంది. బ్రిటిష్ ఇంగ్లీషుకు అలాంటి సేకరణే బీఎన్‌సీ (బ్రిటిష్ నేషనల్ కార్పస్) ఉంది. 10 కోట్ల పదాలు, కానీ 1990ల తొలినాళ్లతో ఆగిపోయింది. అందులో ఇంటర్నెట్ మాటల కోసం వెతక్కండి. రోజువారీ మాటలకు దగ్గరగా కావాలంటే సినిమా, టీవీ సబ్‌టైటిళ్ల నుంచి లెక్కగట్టిన సబ్‌ట్లెక్స్ మేలు.

గూగుల్ స్కాన్ చేసిన పుస్తకాల్లో పదాల వాడుకను లెక్కించే గూగుల్ ఎన్‌గ్రామ్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. శతాబ్దాల మార్పును గీతగా గీసి చూపిస్తుంది. అయితే వేలమంది చదివిన నవలైనా, ఎవరూ తెరవని నివేదికైనా దానికి ఒకటే. పైగా 1800కు ముందటి అచ్చులో ‘ఎఫ్’లా కనిపించే పొడవాటి ‘ఎస్’ను యంత్రం ‘ఎఫ్’గా చదివేసిన సందర్భాలు బోలెడు.

రెండు చోట్ల అంకెలు పోల్చేటప్పుడు మాత్రం పది లక్షల పదాలకు ఎన్నిసార్లు అన్న లెక్కలోకి మార్చుకోండి. ‘గో’, ‘వెంట్’, ‘గాన్’ ఒకే పదంగా లెక్కించారా, విడిగానా అన్నదీ చూసుకోండి. చాలామంది బోల్తా పడేది అక్కడే.