ఆపరేషన్‌లో రక్తాన్ని ఆపే జిగురు: నాన్నగారు వద్దంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. మా నాన్నగారికి 59 ఏళ్లు. ఏటా అలిపిరి నుంచి నడిచే కొండెక్కేవారు. ఈసారి గాలిగోపురం చేరకముందే ఆయాసంతో కూలబడ్డారు. తిరుపతిలో పరీక్షలు చేసి, గుండె కవాటం పాడైందని, దాని పైనున్న పెద్ద రక్తనాళం ఉబ్బిందని, రెండూ మార్చాలని చెప్పారు. రక్తస్రావం ఆపడానికి ఫిబ్రిన్ గ్లూ అవసరం కావచ్చని ఖర్చుల అంచనా కాగితంలో రాశారు. అది ఇతరుల రక్తం నుంచి తయారవుతుందని, కొన్ని రకాలు ఆవు నుంచి తీస్తారని విని నాన్నగారు వద్దంటున్నారు. ఆయన పూర్తి శాకాహారి. పైగా ఇంత ఖరీదైన జిగురు ఉండగా మళ్లీ రక్తదాతలను ఎందుకు తీసుకురమ్మంటున్నారు?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి మీ నాన్నగారికి చేయబోయేది బెంటాల్ ఆపరేషన్ కావచ్చు. 1968లో లండన్ సర్జన్లు బెంటాల్, డి బోనో వివరించిన పద్ధతి ఇది. పాడైన కవాటాన్నీ, ఉబ్బిన బృహద్ధమని మొదటి భాగాన్నీ తీసేసి, వాటి స్థానంలో కవాటం అమర్చిన కృత్రిమ గొట్టాన్ని కుడతారు. గుండె కండరానికి రక్తం అందించే రెండు కరోనరీ ధమనుల మొదళ్లను కూడా ఆ గొట్టానికి అతకాలి. ఇన్ని కుట్లూ పడేది గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం పూర్తి ఒత్తిడితో తాకే చోట. దారం ఎంత సన్ననిదైనా సూది దూరిన ప్రతిచోటా ఒక చిన్న రంధ్రం మిగులుతుంది.

దీనికి మరో చిక్కు తోడవుతుంది. గుండెను ఆపి పని చేయాలి కాబట్టి ఆ సమయంలో రక్తాన్ని యంత్రం నడిపిస్తుంది. యంత్రం గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం. పని ముగిశాక దానికి విరుగుడుగా ప్రోటమిన్ ఇస్తాం. అయితే అప్పటికే రక్తం పలచబడి ఉంటుంది, శరీరం చల్లబడి ఉంటుంది, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అనే కణాలు యంత్రంలో తిరిగి కొంత శక్తి కోల్పోయి ఉంటాయి. అందుకే కుట్లన్నీ సరిగ్గా పడినా కుట్ల వరుస వెంబడి రక్తం చెమర్చుతూనే ఉంటుంది. ఒకచోట నుంచి చిమ్మితే అక్కడ ఇంకో కుట్టు వేయవచ్చు. గొట్టం వెనకవైపు, వేలు సరిగ్గా చొరని మూలలో బొట్టు బొట్టుగా ఊరుతుంటే మాత్రం కుట్టు వేయబోయి ఇంకో రంధ్రం చేసినట్టవుతుంది. జిగురు పనికివచ్చేది అలాంటి చోటనే.

ఫిబ్రిన్ గ్లూలో కొత్త రసాయనమేమీ లేదు. మన వేలు తెగినప్పుడు ఒంట్లో చివరగా జరిగే పనినే అది బయటి నుంచి చేసి పెడుతుంది. ఒక సిరంజిలో ఫిబ్రినోజెన్ అనే రక్తంలోని ప్రొటీన్, మరో సిరంజిలో దాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్ కాల్షియంతో కలిపి ఉంటాయి. రెండింటికీ కలిపి ఒకే పిడి ఉంటుంది. దాన్ని నొక్కితే రెండు ద్రవాలూ కొనదగ్గర కలుసుకుంటాయి. సాధారణంగా సెకన్లలోనే తెల్లటి మెత్తని పొరగా గట్టిపడతాయి. గాయం మానే క్రమంలో శరీరం ఆ పొరను కొద్ది వారాల్లో కరిగించేసుకుంటుంది. అయితే తడి చోట అది నిలవదు. పారే నీటి మీద సిమెంటు పూస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అందుకే ముందు గాజుగుడ్డతో అద్ది, వీలైనంత పొడిగా చేసి, పూశాక కాసేపు కదల్చకుండా వదిలేయాలి. పెద్ద నాళం తెగి రక్తం ఎగజిమ్ముతుంటే ఈ జిగురు ఏమీ చేయలేదు. కుట్టుకు బదులుగా దీన్ని వాడకూడదు, మంచి సర్జన్ వాడరు కూడా.

ఇక మీ నాన్నగారి భయం గురించి. ఇతరుల రక్తం నుంచి వ్యాధులు వస్తాయన్న అనుమానం అర్థం లేనిది కాదు. కామెర్లు కలిగించే వైరస్‌ల భయంతోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1978లో మనుషుల ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) నుంచి తీసిన ఫిబ్రినోజెన్ లైసెన్సులను రద్దు చేసింది. ఆ దేశంలో ఫిబ్రిన్ జిగురుకు మళ్లీ అనుమతి దొరికింది 1998లో. ఈలోగా దాతల పరీక్షలు కట్టుదిట్టమయ్యాయి. వేడితోనో, రసాయనాలతోనో, అతి సన్నని వడపోతతోనో వైరస్‌లను నిర్వీర్యం చేసే పద్ధతులు వచ్చాయి. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి లాంటివి వ్యాపించే అవకాశం ఇప్పుడు చాలా చాలా తక్కువ. పార్వోవైరస్ బి19 లాంటి కొన్ని మొండి వైరస్‌ల విషయంలో సున్నా ప్రమాదం అని ఎవరూ చెప్పలేరు. అయినా మీ నాన్నగారి విషయంలో నేను ఈ ముప్పు కంటే ఛాతీలో ఆగని రక్తస్రావానికే ఎక్కువ భయపడతాను.

ఆవు సంగతికి వస్తే, ‘జిగురు’ అన్న ఒక్క మాట కింద చాలా రకాలున్నాయి. ఫిబ్రిన్ గ్లూలో ప్రధాన పదార్థాలు మనిషి ప్లాస్మావి. కొన్ని కంపెనీల సరుకులో ఆ పొర త్వరగా కరగకుండా అప్రోటినిన్ కలుపుతారు. అది ఆవు జాతి పశువుల నుంచి వచ్చేది కావచ్చు, కృత్రిమంగా తయారైనదీ కావచ్చు. పెద్ద ధమనుల మీద వాడే బయోగ్లూ అనే మరో జిగురు ఆవు రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్, గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనాల కలయిక. జెలటిన్ స్పాంజి పందిదో పశువుదో అయి ఉంటుంది. ఇవేవీ లేకుండా మొక్కల సెల్యులోజ్‌తో చేసిన గుడ్డ కూడా ఉంది. సర్జిసెల్ అంటే ఏ థియేటర్‌లోనైనా తెలుస్తుంది. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే కృత్రిమ పదార్థంతో చేసిన సీలెంట్లూ ఉన్నాయి. కాబట్టి నాన్నగారి అభ్యంతరం సర్జన్‌కు ముందే చెప్పండి. దాన్ని తేలిగ్గా తీసుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

ఇంకో నిజం కూడా ఆయనకు చెప్పాలి. గుండె యంత్రం కోసం మనం వాడే హెపారిన్ సాధారణంగా పంది పేగుల నుంచి తీసేదే. కణజాల కవాటాలు ఆవు లేదా పంది నుంచి వస్తాయి, లోహ కవాటం అలా కాదు. ఇవన్నీ ఆపరేషన్ బల్ల మీద తెలిసే కంటే ఇప్పుడే తెలియడం మంచిది. నోటితో తినే ఆహారానికి పెట్టుకున్న నియమం ప్రాణం నిలిపే మందుకు వర్తించదని నేను నమ్ముతాను. నిర్ణయం మాత్రం ఆయనదే. ఆయన మాట వినకుండా మీరు సంతకం పెట్టేయకండి.

రక్తదాతల ప్రశ్నకు జవాబు చిన్నది. జిగురు కారే చోటును మూస్తుంది, కారిపోయిన రక్తాన్ని తిరిగి ఇవ్వదు. ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సిద్ధంగా ఉంచుకోకుండా ఇలాంటి ఆపరేషన్ మొదలుపెట్టరు. ఆపరేషన్ తర్వాత ఛాతీలో ఉంచిన గొట్టాల ద్వారా ఎంత రక్తం వస్తోందో ఐ.సి.యు.లో గంటగంటకూ కొలుస్తారు. ఎక్కువైతే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి చూడాల్సి రావచ్చు. అలా జరిగితే ఎవరో తప్పు చేశారనుకోకండి.

ఖర్చు విషయంలో ‘అవసరం కావచ్చు’ అన్న మాటను పట్టుకోండి. ప్యాకెట్టు విప్పితేనే బిల్లు వేస్తారా, విప్పకపోతే వెనక్కి తీసుకుంటారా అని ముందే అడగండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేయించుకుంటుంటే ఇది ప్యాకేజీలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

నా అనుభవంలో కుటుంబాలు జిగురు గురించి ఎన్నో ప్రశ్నలు వేస్తాయి, ఇంట్లో మింగుతున్న మాత్రల గురించి మాత్రం చెప్పవు. రక్తస్రావాన్ని అదుపు చేయడం అక్కడి నుంచే మొదలవుతుంది. మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొన్న మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఎప్పుడో రాసిచ్చిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, చేప నూనె గుళికలు, నాటు మందుల పొడి, ఏదీ వదలకుండా ఒక సంచిలో వేసుకుని మత్తు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్ విషయం రోగిని బట్టి ఉంటుంది. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. స్టెంటు ఉన్నవారిలో అలా ఆపడం గుండెపోటుకు దారి తీయవచ్చు. పన్ను పీకించుకున్నప్పుడు రాత్రంతా రక్తం కారిందా, తరచూ ముక్కు నుంచి రక్తం వస్తుందా, దగ్గరి బంధువుల్లో అలాంటివారు ఉన్నారా, మద్యం అలవాటుందా, కామెర్లు వచ్చాయా అని అడుగుతారు. దాచకండి. ఇంతకుముందు ఆపరేషన్ జరిగి థ్రాంబిన్ వాడి ఉంటే ఆ కాగితాలు తప్పక చూపించండి. ఆవు థ్రాంబిన్ ఒకసారి తాకిన కొందరిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 5ను దెబ్బతీసే ప్రతిరక్షకాలు పుడతాయి, రెండోసారి అదే రక్తస్రావానికి కారణమవుతుంది.

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా నాన్నగారు బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. బరువులు ఎత్తకూడదు, గట్టిగా ముక్కి మలవిసర్జన చేయకూడదు. ఉబ్బిన బృహద్ధమని చిరిగితే ఛాతీలోనో, వీపులోనో ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి వస్తుంది. అలాంటి నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలోనే సర్జన్‌కు కబురు పంపండి.