మెడికేర్ సరే, పళ్ళ సంగతేంటి?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్ళు. మెడికేర్ (65 దాటినవాళ్ళకి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చులు), పార్ట్ బి (డాక్టరు ఖర్చులు) ఉన్నాయి. దానికి తోడు ప్రైవేటు కంపెనీ పాలసీ మెడిగ్యాప్‌ కూడా కడుతున్నాం. అయినా పళ్ళు పీకించి కట్టుడు పళ్ళు పెట్టించడానికి ఒక్క డాలరూ రాదంటున్నారు. నిజమేనా? (న్యూజెర్సీ)

జవాబు: నిజమే. 1965 నాటి చట్టమే పళ్ళ వైద్యాన్ని మెడికేర్ బయట పెట్టింది. క్లీనింగ్, ఫిల్లింగ్, పీకడం, కట్టుడు పళ్ళు ఏవీ రావు. మెడికేర్ ఒప్పుకున్న బిల్లులో మిగిలిన వాటా కట్టడమే మెడిగ్యాప్ పని కాబట్టి అదీ ఆదుకోదు.

ఒక మినహాయింపు ఉంది, దీని గురించి చాలామందికి తెలియదు. గుండె కవాటం మార్చే ముందు, అవయవ మార్పిడికి ముందు, కీమోథెరపీ, తల-మెడ క్యాన్సర్ చికిత్సల్లో, 2025 నుంచి డయాలసిస్ రోగులకూ నోటి పరీక్ష, ఇన్‌ఫెక్షన్ తొలగింపు వస్తాయి. అవసరమైతే పన్ను పీకడం కూడా ఇందులోకే వస్తుంది; పీకిన చోట పెట్టే ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) రాదు. ఇక్కడ క్లెయిము తిరిగొచ్చేది సాధారణంగా రెండు కారణాలతో: డెంటిస్టు మెడికేర్‌లో నమోదై లేకపోవడం, అసలు చికిత్స చేసే డాక్టరుకూ డెంటిస్టుకూ మధ్య సంప్రదింపులు రికార్డులో లేకపోవడం. క్లెయిములో కెఎక్స్ మాడిఫయర్ (ఈ పళ్ళ పని అసలు చికిత్సకి అవసరమని తెలిపే గుర్తు) వేశారా అని కూడా అడగండి, 2025 జులై నుంచి అది తప్పనిసరి.

ప్రశ్న: ‘డెంటల్ ఉచితం’ అని ఒక అడ్వాంటేజ్ ప్లాన్ (మెడికేర్‌ని ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునే పద్ధతి) ప్రకటన చూశాం. అమ్మకి ఒక క్రౌన్ (పంటి తొడుగు), ఒక ఇంప్లాంట్ కావాలి. మారిపోవచ్చా? (టెక్సస్)

జవాబు: ప్లాన్‌లో డెంటల్ ఉండటం వేరు, మీ అమ్మగారి పంటికి అది పనికిరావడం వేరు. ఆ ‘ఉచితం’ చాలా ప్లాన్లలో పరీక్ష, ఎక్స్-రే, క్లీనింగ్ దగ్గరే ఆగిపోతుంది. ముందు డెంటిస్టు దగ్గర చికిత్స ప్రణాళిక కోడ్‌లతో సహా రాయించుకోండి. క్రౌన్‌కి డి2740 (పింగాణీ రకం), ఇంప్లాంట్ అమర్చడానికి డి6010 లాంటివి ఉంటాయి. ప్లాన్‌కి ఫోన్ చేసి ‘క్రౌన్ వస్తుందా’ అనకుండా, ఆ కోడ్ చెప్పి ఎంత శాతం కడతారో, ముందస్తు అనుమతి కావాలో అడగండి.

తర్వాత వార్షిక పరిమితి. ఉదాహరణకి పరిమితి 1,500 డాలర్లు, క్రౌన్‌కి ప్లాన్ ఒప్పుకున్న ధర 1,200, వాటా సగం అనుకుందాం. ప్లాన్ 600 కడితే ఆ ఏడాదికి మిగిలేది 900. ఇంప్లాంట్‌కి అది చాలదు. అయితే ఇంప్లాంట్ ఎముకలో కుదురుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. అందుకని స్క్రూ ఏడాది చివర్లో, పైన క్రౌన్ కొత్త ఏడాదిలో పెట్టిస్తే రెండేళ్ళ పరిమితులూ వాడుకోవచ్చు. కొత్త ఏడాదిలో ప్లాన్ ఆ సౌకర్యం తగ్గించలేదని ముందే చూసుకోవాలి. మార్పుల నోటీసు సెప్టెంబరులో వస్తుంది.

క్లీనింగ్‌లోనూ ఒక మెలిక ఉంది. మామూలు క్లీనింగ్ డి1110. చిగుళ్ళ జబ్బు ఉంటే డెంటిస్టు చేసేది డి4341, నోటిని నాలుగు భాగాలు చేసి భాగానికింతని బిల్లు వేస్తారు. ఉచితమనుకుని వెళ్ళినవాళ్ళు కంగుతినేది ఇక్కడే.

డెంటిస్టు నెట్‌వర్క్‌లో ఉన్నారా అన్నది ప్లాన్ జాబితా చూసి నమ్మకండి. క్లినిక్‌కి ఫోన్ చేసి, ప్లాన్ పేరుతోపాటు దాని డెంటల్ నెట్‌వర్క్ పేరు కూడా చెప్పి అడగండి.

చేరే గడువు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు, అమలు జనవరి 1 నుంచి. అమ్మగారికి మెడిగ్యాప్ ఉంటే మాత్రం తొందరపడకండి. అది వదిలి మొదటిసారి అడ్వాంటేజ్‌లో చేరినవాళ్ళకి వెనక్కి రావడానికి 12 నెలల హక్కు ఉంటుంది. అది దాటితే చాలా రాష్ట్రాల్లో కంపెనీలు ఆరోగ్య చరిత్ర చూసి మెడిగ్యాప్ ఇవ్వబోమనొచ్చు. ఒక క్రౌన్ కోసం అంత పణం పెట్టడం మాకు సబబుగా తోచదు.

ప్రశ్న: విడిగా డెంటల్ పాలసీ కొంటే? (ఒహాయో)

జవాబు: కొనొచ్చు. కానీ క్రౌన్, కట్టుడు పళ్ళ లాంటి పెద్ద పనులకి చాలా పాలసీల్లో 6 నుంచి 12 నెలలు ఆగాలి. పాలసీకి ముందే ఊడిన పన్ను స్థానంలో పెట్టేదానికి డబ్బు రాదనే షరతు ఉందేమో చదవండి. ఏడాది ప్రీమియం, వార్షిక పరిమితి పక్కపక్కన రాసి చూస్తే కొనాలో వద్దో తేలిపోతుంది. డిస్కౌంట్ కార్డులు అసలు ఇన్సూరెన్సే కావు.

ఆదాయం తక్కువైతే మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) సంగతి కనుక్కోండి. పెద్దవాళ్ళకి పళ్ళ వైద్యం ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. పార్ట్ బి ప్రీమియం మాత్రమే కట్టిపెట్టే సహాయానికి పళ్ళతో సంబంధం లేదు, పూర్తి మెడికెయిడ్ ఉండాలి. ఏదీ కుదరకపోతే డెంటల్ కాలేజీల క్లినిక్‌లు ఉన్నాయి: ఖర్చు తగ్గుతుంది, కూర్చునే గంటలు పెరుగుతాయి.