బైబిల్ తెరిచినా మనసుకు ఎక్కట్లేదు.. మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. మావారు కాజీపేటలో రైల్వే గార్డు. సర్వీసులో ఉండగానే ఎనిమిది నెలల కింద ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. క్వార్టర్ ఖాళీ చేసి హన్మకొండలో కొడుకు దగ్గర ఉంటున్నాను. రాత్రి మూడింటికే మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. ఆరు కిలోలు తగ్గాను. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి కానీ లోపలికి పోవు. డాక్టర్ డిప్రెషన్ అని మాత్ర రాశారు. సంఘంలో ఒక అక్క ‘విశ్వాసం ఉన్నవాళ్లకు ఇవెందుకు’ అంటే వారానికే మానేశాను. షుగర్ ఉన్నా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉంటున్నాను. ఆయన దగ్గరికే వెళ్లిపోతే బాగుండు అనిపిస్తోంది. దేవుడు నన్ను విడిచిపెట్టాడా?

సలహా: అమ్మా, ముందు మీ చివరి మాట గురించి మాట్లాడతాను. తోడు పోయినవాళ్లలో చాలామందికి ‘ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండు’ అనిపిస్తుంది. కానీ ఎలా వెళ్లాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. అదే రాత్రి కొడుకును లేపి చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ. రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. మీ మాత్రలన్నీ ఇవాళ్టి నుంచి కొడుకు చేతిలోనో, కోడలి చేతిలోనో ఉండనివ్వండి.

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ మీకు కొత్త కాదు. పెద్ద విజయం తర్వాతే ఆయన బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దేవుడు ఆయన విశ్వాసాన్ని తప్పుపట్టలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆయన మళ్లీ పడుకున్నాడు, లేచి మళ్లీ తిన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. నా దగ్గరికి వచ్చే విశ్వాసులకు మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదవమని చెబుతుంటాను. సువార్త రాసిన లూకా వైద్యుడని కూడా గుర్తుచేస్తాను.

జ్వరం వచ్చినప్పుడు అన్నం చేదనిపిస్తుంది. అన్నం అదే, నాలుకకు రుచి తెలియదంతే. డిప్రెషన్‌లో మనసుకు జరిగేదీ ఇదే. మనవడి నవ్వు, పాట, ప్రార్థన ఏదీ రుచించదు. చదివింది మనసుకు ఎక్కకపోవడం, తెల్లవారుజామునే మెలకువ, బరువు తగ్గడం, ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు. ముప్పై ఏళ్లు ఆయన డ్యూటీకి అర్ధరాత్రి లేచి టిఫిన్ కట్టిన అలవాటు ఉంటే మూడింటికి మెలకువ రావచ్చు. కానీ మళ్లీ నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే గుండె మీద బండ పెట్టినట్టు ఉండడం అలవాటు వల్ల కాదు. ఆయన పోయారు, ఇల్లు మారింది, సంఘం దూరమైంది. ఎనిమిది నెలల్లో మూడు దెబ్బలు. స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు యేసే కన్నీళ్లు విడిచాడు కదమ్మా, మీరు ఏడిస్తే తప్పేముంది?

పాత చీటీ పట్టుకుని అదే డాక్టర్‌ను కలవండి, లేదంటే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈ మాత్రలు పనిచేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మీరు వారానికే మానేశారు, మందు పనిచేసే అవకాశమే ఇవ్వలేదు. మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు. ఇవి అలవాటు పడే మందులు కావు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అలవాటు పడే ప్రమాదం ఉన్నది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలకే. వాటి జోలికి పోవద్దు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు కూడా చేయించుకోండి. వీటిలో తేడా ఉన్నా నీరసం, దిగులు వస్తాయి.

ఉపవాసం గురించి గట్టిగానే చెబుతాను. బరువు తగ్గిపోతున్న మనిషి, అందులోనూ షుగర్ మాత్రలు వేసుకునే మనిషి ఇప్పుడు ఉపవాసం ఉండకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే ప్రార్థన మధ్యలో ఉన్నా సరే, వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. ఉపవాసం కోసమని షుగర్ మాత్ర మానేయడమూ తప్పే. పాస్టరయ్యగారికి ఈ మాట చెప్పండి. తిని వచ్చి ప్రార్థనలో కూర్చోమనే అంటారు. ఆ అక్క కూడా మీ మీద ప్రేమతోనే అన్నారు, ఆమెకు ఈ జబ్బు తెలియదు. ఆమెకు షుగర్ వస్తే మాత్ర వేసుకోరా?

ఇక, ఈ ఆదివారం కొడుకును అడిగి ఆటోలో కాజీపేటలో మీ పాత చర్చికి వెళ్లండి. మీరూ మీవారూ కూర్చునే చోటే కూర్చోండి. పాట గొంతులోకి రాకపోతే పాడకండి, పక్కవాళ్లు పాడుతుంటే వినండి. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో ఒక్కరినైనా ‘బుధవారం మా ఇంటికి రండి’ అని పిలవండి. వాళ్లు వచ్చినప్పుడు ఆయన గురించి మాట్లాడండి.