ఉప్పు కలిపిన ఐసు దగ్గర జాగ్రత్త

చి. రమ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

సెలవుల్లో అపార్ట్‌మెంటు పిల్లల్ని పోగేసి ఐసుతో ప్రయోగాలు చేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! అంతలోనే భయం కూడా వేసింది. ఆ వయసు పిల్లలు దేన్నైనా ముందు చేత్తో పట్టుకునే చూస్తారు.

ఐసు ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి. లేకపోతే పోల్చలేం.

స్టీలు పళ్లెం మీద ఒకటి, చెక్కపీట మీద ఒకటి పెట్టించు. పెట్టేముందు రెండింటినీ ముట్టుకోమను. స్టీలు చల్లగా తగులుతుంది కాబట్టి దాని మీద ఐసు ఎక్కువసేపు ఉంటుందంటారు. కానీ అక్కడే ముందు కరుగుతుంది. చేతిలోని వేడిని లాక్కున్నంత చురుగ్గా స్టీలు ఐసుకీ వేడి అందిస్తుంది మరి.

తర్వాత రెండు గాజుగ్లాసుల్లో 200 మి.లీ. చొప్పున మామూలు నీళ్లు పోసి, ఒకదాంట్లో రెండు పెద్ద చెంచాల ఉప్పు పూర్తిగా కరిగించు. రెంటిలోనూ బీట్‌రూట్ రసంతో చేసిన ఐసు వెయ్యి. మంచినీళ్లలో ఎర్రటి చారలు కిందికి జారతాయి. ఉప్పునీళ్లు బరువు కాబట్టి అందులో ఆ ఎరుపు పైనే పొరలా నిలుస్తుంది. ఐసు తన చల్లని నీటిలోనే ఉండిపోయి నెమ్మదిగా కరుగుతుంది. ఎవరినీ కలపనివ్వకు, కలిపితే అంతా పాడు.

ఇక నా బెంగంతా ఉప్పు, ఐసు కలిపే ప్రయోగం మీదే. స్టీలు గ్లాసులో 300 గ్రాముల చితక్కొట్టిన ఐసుకి 100 గ్రాముల ఉప్పు కలిపి, గ్లాసుని తడి అట్టముక్క మీద పెట్టు. కాసేపటికి అట్ట గ్లాసుకి అతుక్కుపోతుంది. ఉప్పు వల్ల ఐసు సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనూ కరుగుతుంది. గ్రాము ఐసు కరగడానికి దాదాపు 334 జౌళ్ల (జౌలు అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. అది చుట్టూ ఉన్నవాటి నుంచే వస్తుంది. బాగా కుదిరితే ఆ మిశ్రమం మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది. జ్వరం చూసే థర్మామీటరు అందులో పెట్టొద్దు, ల్యాబుల్లో వాడే మైనస్ 30 దాకా గీతలున్న ఆల్కహాలుది కావాలి.

పిల్లలు అరచేతిలో ఉప్పు చల్లుకుని, పైన ఐసు నొక్కి, ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటారో అని పందెం కడతారు. అది మాత్రం జరగనివ్వకు తల్లీ! మొదట మంట పుడుతుంది, తర్వాత చర్మం మొద్దుబారి నొప్పే తెలియదు. నొప్పి లేదని ఇంకా పట్టుకుంటారు, చర్మం తెల్లబడి బొబ్బలెక్కుతుంది. కరిగే ఉప్పునీరు సందు లేకుండా అంటుకోవడం వల్ల మామూలు ఐసుకంటే ఇది చాలా చెరుపు. కలపడానికి చెక్క గరిటె ఇవ్వు, గ్లాసుని మందపాటి తువ్వాలుతోనే పట్టుకోమను. పొరపాటున ఎవరికైనా తగిలితే రుద్దకు, వేడినీళ్లూ వద్దు. గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తెలుపు పోకపోయినా బొబ్బ వచ్చినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

నీళ్లు గడ్డకట్టి పెరగడం చూపాలంటే ప్లాస్టిక్ సీసానే వాడు, గాజుది పగులుతుంది. సగానికి కాస్త పైదాకా నింపి, గీత గీసి, మూత వదులుగా పెట్టు. ఐసయ్యాక సుమారు 9 శాతం పెరుగుతుంది.

అయిపోయాక ఆ ఉప్పునీళ్లు కుండీల్లో పొయ్యకండి, మొక్కలు చస్తాయి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న