బెనెవెంటుమ్: స్వాగతమా, దురాగతమా?

సందేహం: ఇటలీలోని బెనెవెంతో పట్టణానికి లాటిన్‌లో బెనెవెంటుమ్ అనీ, అంతకుముందు మాలెవెంటుమ్ అనీ పేర్లుండేవని చదివాను. ‘చెడ్డ రాక’ అని ఎవరైనా ఊరికి పేరు పెట్టుకుంటారా? తెలుగులో ఈ పేరు ఎలా రాయాలి?

సమాధానం: పెట్టుకోరు. మీ అనుమానం సబబే. ‘మాలె’ అంటే చెడుగా, ‘వెంటుమ్’ అంటే రావడం అని విడదీసింది రోమన్ల చెవి. అసలు పేరు గ్రీకు ‘మాలోయిస్’ అనీ, ఆపిల్ చెట్లు విరివిగా ఉన్న చోటని అర్థమనీ కొందరు పండితుల మాట. దాని ద్వితీయా రూపం ‘మాలోయెంత’. తారాస్ అనే గ్రీకు పట్టణం ద్వితీయలో ‘తారంత’ అయి, రోమన్ల నోట ‘తరెంటుమ్’గా మారిన తీరే ఇదీ. క్రీ.పూ. 268లో అక్కడ తమ వలస నెలకొల్పినప్పుడు రోమన్లు ‘మాలె’ తీసేసి, మంచిగా అనే అర్థమిచ్చే ‘బెనె’ పెట్టారు. శుభశకునం కోసమే పేరు మార్చారని ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

నాకు ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. ‘వచ్చు’ అనే లాటిన్ ధాతువు ‘వెన్’, సంస్కృత ‘గమ్’ ఒకే తల్లి బిడ్డలు. ‘వెంటుమ్’, ‘గతమ్’ రెండింటి చివరా ఉన్న ప్రత్యయమూ ఒకటే. ‘బెనె’కు బదులు ‘సు’ పెట్టి, ‘ఆ’ ఉపసర్గ చేర్చండి: స్వాగతం! ‘దుర్’ పెడితే మాలెవెంటుమ్, అంటే దురాగతం. స్వాగతంలో ‘సు’ ఉందని మరిచి పెళ్ళిపందిళ్ళకు ‘సుస్వాగతం’ బోర్డులు కడుతున్నారు. ఒక్క ‘సు’ చాలదా? వాడుక స్థిరపడింది కనుక తప్పని కొట్టెయ్యలేను. నేను మాత్రం రాయను.

నా అభిమాన లాటిన్ కవి హోరేస్, బ్రుండిసియుమ్ అనే ఊరికి చేసిన ప్రయాణాన్ని వర్ణిస్తూ ‘తెండిముస్ హింక్ రెక్టా బెనెవెంటుమ్’ అన్నాడు. ఇక్కణ్ణుంచి నేరుగా బెనెవెంటుమ్ పోతున్నాం, అని. మనం ‘బెజవాడ వెళ్ళాను’ అన్నట్టే, ఊరిపేరు ముందు ‘కు’ అర్థమిచ్చే ‘అద్’ లేదు. పాపం, అక్కడ విడిది ఇచ్చినాయన బక్కచిక్కిన పిట్టల్ని కాలుస్తూ వంటింటి కప్పు దాకా మంట తెచ్చుకున్నాడు! ‘ఆ ఊళ్ళో’ అనాలంటే ‘బెనెవెంటీ’. మన ‘ఇంట’, ‘నోట’ లాగా, కొన్ని మాటలకే మిగిలిన పాత సప్తమి అది.

ప్రాచీన చరిత్ర రాస్తే బెనెవెంటుమ్, నేటి పట్టణమైతే బెనెవెంతో అనండి. ‘బెనెవెంటం’ అన్నా నాకు పేచీ లేదు.