నెత్తురు కథల తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథలు రెండూ చదివాను. మొదటి కథలో నెత్తురు చూసి అందరూ మెచ్చుకున్నారని రెండో దాంట్లో ఇంకో రెండు బకెట్లు పోశావు. ఇప్పుడేమో స్టైల్ మారిస్తే ఉన్న పాఠకులూ పోతారేమోనని టెన్షన్ పడుతున్నావు. మెటల్ సంగీతం వింటానన్నావు కదా, ఒక పని చెయ్. ఫ్లోరిడా బ్యాండ్ 'డెత్' ఆల్బమ్‌లు ఏడూ వచ్చిన వరసలోనే విను.

మొదటిది 1987 నాటి 'స్క్రీమ్ బ్లడీ గోర్'. అచ్చం నీ కథల్లాగే జాంబీలు, పేగులు, హారర్ సినిమాల మోజు. గిటారు, బేస్ గిటారు, గొంతు మూడూ బ్యాండ్ నాయకుడు చక్ షుల్డినర్‌వే. రికార్డు చేసేనాటికి అతనికి ఇరవై నిండలేదు.

మరుసటి ఏడాది 'లెప్రసీ' వచ్చింది. అందులో 'పుల్ ద ప్లగ్' పాట దగ్గర కాస్త ఆగు. చక్ గొంతులో అరుపు అలాగే ఉంది, చావూ అలాగే ఉంది. కానీ కత్తి లేదు, చంపేవాడు లేడు. మెషీన్ల మీద బతుకుతున్న మనిషి, ఇక చాలు, ఆపెయ్యండని వేడుకుంటున్నాడు. అంతకుముందు చావుని బయట నుంచి చూపించి భయపెట్టిన కుర్రాడే ఇక్కడ మంచం మీదున్నవాడి లోపలికి వెళ్లాడు. నాకు చక్ రచయితగా కనబడింది ఈ పాటలోనే. నీ రెండో కథలో శవం ఉంది గానీ, పోయేముందు ఆ మనిషికి ఏమనిపించిందో ఒక్క వాక్యం లేదు. అక్కణ్ణుంచి తిరగరాయి.

1990లో 'స్పిరిచువల్ హీలింగ్'కి వచ్చేసరికి టీవీ మతబోధకుల మోసం లాంటి సంగతులు పాటల్లోకి వచ్చాయి. సంగీతం మాత్రం ఇంకా తడుముకుంటున్నట్టే ఉంటుంది, నా చెవికి. ఆ ఏడాదే చక్ యూరప్ టూర్‌కి రానంటే, మిగతావాళ్లు అతను లేకుండానే వెళ్లి వాయించి వచ్చారు! 1991లో 'హ్యూమన్' కోసం అతను కొత్త జట్టు కట్టాడు. సినిక్ బ్యాండ్ నుంచి గిటారుకి పాల్ మాస్విడల్, డ్రమ్స్‌కి షాన్ రైనర్ట్, బేస్ మీద స్టీవ్ డి జార్జియో. రైనర్ట్ డ్రమ్స్‌లో జాజ్ వాసన మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. తర్వాత రెండు ఆల్బమ్‌లకి డ్రమ్స్ మీదకి జీన్ హోగ్లన్ వచ్చాడు. ఇలాంటి చెయ్యి తిరిగినవాళ్లని పక్కన పెట్టుకుంటే తన పాట తేలిపోకూడదుగా, దాన్ని అంతకంత పదును పెట్టుకోక తప్పలేదు. నువ్వు కథ చూపించే స్నేహితులందరూ నిన్ను పొగిడేవాళ్లే. మొహమాటం లేకుండా చీల్చి చెండాడే మనిషిని ఒకర్ని వెతుక్కో.

బ్యాండ్ లోగో కూడా గమనించు, సరదాగా ఉంటుంది. మొదట్లో తలకిందుల శిలువలా ఉన్న 'టి' అక్షరం తర్వాత మామూలుగా నిలబడింది. 1995లో 'సింబాలిక్' నాటికి ఆ నెత్తురు కుర్రాడు పోయిన చిన్నతనాన్ని తలుచుకుంటూ పాట రాశాడు. మరీ టెక్నికల్ అయిపోయాడని సణిగిన పాత అభిమానులు లేకపోలేదు. ఇవాళ చాలామంది ముందుగా చెప్పే పేర్లలో ఆ ఆల్బమ్ ఒకటి.

ఇక పాఠకుల సంగతి. చక్‌కి చివర్లో శ్రావ్యమైన గొంతుతో పాటలు కావాలనిపించింది. డెత్ పేరు కింద అవి ఇమడవు. అందుకని 'కంట్రోల్ డినైడ్' అని వేరే బ్యాండ్ పెట్టి, పాడే పని టిమ్ ఏమర్‌కి అప్పగించి తను గిటారుకే పరిమితమయ్యాడు. 1999లో ఒక్క ఆల్బమ్ వచ్చింది. మెదడులో కణితితో 2001 డిసెంబర్‌లో పోయాడు, 34 ఏళ్లకే. నీకూ నెత్తురు లేని కథ ఏదైనా తోస్తే, అంత భయంగా ఉంటే, వేరే కలం పేరుతో పత్రికకి పంపు.

ఉంటాను,
అన్నయ్య